తాగుడు మానుతున్న నాకు ఉదయం అంటేనే భయం

ప్రశ్న: నా వయసు 39. మల్కాజిగిరిలో అత్తమామలు, భర్త, పదమూడేళ్ల పాపతో ఉంటున్నాను. ప్రైవేటు బీమా కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు పార్టీల్లో మొదలైన తాగుడు, చివరికి ఇంట్లో ఎవరికీ తెలియకుండా ప్రతి రాత్రీ తాగేదాకా వచ్చింది. ఐదు నెలల కిందట ఆస్పత్రిలో చేరి చికిత్స తీసుకున్నాను. ఉదయం పూట ఒక క్రమం పెట్టుకోమని కౌన్సెలర్ చెప్పారు. వీడియోలు చూసి నాలుగున్నరకే లేవడం మొదలుపెట్టాను. తలస్నానం, దీపం, స్తోత్రం, ప్రాణాయామం, నడక, డైరీ... మూడు వారాలు బాగానే సాగింది. తరువాత పాప పరీక్షలు, నల్లా నీళ్ల రోజులు, ఆఫీసు ఒత్తిడితో ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ హడావిడిలో డాక్టరు రాసిన మాత్ర కూడా తరచూ మరిచిపోయాను. గత శుక్రవారం రాత్రి తాగాను. మర్నాడు మా అత్తగారు, ‘ఆ చేత్తో ఇక దీపం ముట్టుకోకు’ అన్నారు. ఆ రోజు నుంచి తెల్లవారుతోందంటేనే భయంగా ఉంది. ఈ ఉదయపు అలవాట్లు నిజంగా పనిచేస్తాయా? పనిచేస్తే నేను మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి? మా పాపకు ఏం చెప్పాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు శుక్రవారం సంగతి మాట్లాడుకుందాం. ఆ ఒక్క రాత్రితో ఆగిందా, తరువాత కూడా కొనసాగుతోందా అన్నది మీరు రాయలేదు. ఆగి ఉంటే మిగతాది నింపాదిగా చదవండి. ఆగకుండా మళ్లీ రోజూ తాగుతుంటే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆస్పత్రికి బయల్దేరండి. నిద్ర లేవగానే చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండెదడ, కడుపులో తిప్పడం, ఒక గుక్క తాగగానే అవన్నీ సర్దుకోవడం కనిపిస్తే ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా మానేయకండి. రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. దానికి ధ్యానం గాని దీపం గాని విరుగుడు కావు. మీరు చికిత్స తీసుకున్న ఆస్పత్రికే వెళ్లండి, లేదా ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్లండి. వెళ్లే ముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఉదయపు అలవాట్లు పనిచేస్తాయి. కాని మీరు వాటికి అప్పజెప్పిన పని వేరు, అవి చేయగలిగిన పని వేరు. తెల్లవారుజామున నాలుగున్నరకు తలస్నానంతో మొదలైన మీ జాబితా చూడగానే నాకు అనిపించింది: మీరు కోలుకోవడానికి లేవలేదు, ప్రాయశ్చిత్తం చేసుకోవడానికి లేచారు. ఏళ్లపాటు చేసిన దాన్ని రోజూ కాస్త కడుక్కుందామని లేచారు. అలాంటి క్రమం ఎంత గట్టిగా పట్టుకున్నా ఏదో ఒకరోజు జారుతుంది. జారిన రోజున అది మీకు అండగా నిలబడకపోగా, మీ మీద సాక్ష్యం చెబుతుంది. శనివారం ఉదయం జరిగింది అదే. మీ అత్తగారు ఆ మాట పైకి అన్నారు. ఆవిడ అనకముందే మీలో మీరు అనుకుని ఉంటారు.

తాగే రోజుల్లో మీ ఉదయాలు ఎలా ఉండేవో ఒకసారి గుర్తు చేసుకోండి. నా దగ్గరికి వచ్చే మహిళలు చెప్పేవి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కళ్లు తెరవగానే రాత్రి ఏం మాట్లాడానో గుర్తు తెచ్చుకోవడం. ఫోనులో ఎవరికి ఏం పంపానో వెతుక్కోవడం. ఖాళీ సీసా బీరువాలో చీరల వెనక ఉందా, హ్యాండ్‌బ్యాగులో ఉందా అని తడుముకోవడం. రెండుసార్లు పళ్లు తోముకుని, నోట్లో యాలక్కాయ వేసుకుని వంటింట్లోకి రావడం. పాల గిన్నె స్టవ్ మీద పెడుతూ ఇంట్లో ఎవరి ముఖంలో ఏముందో చదవడం. అదీ ఒక దినచర్యే. ఏళ్ల తరబడి ఒంటికి అలవాటైన దినచర్య. తాగుడు ఆగినంత మాత్రాన ఆ అరగంట ఎక్కడికీ పోదు. సీసా లేకపోయినా భయం మాత్రం వేళకు వచ్చి కూర్చుంటుంది. నిద్ర లేచిన 30 నుంచి 45 నిమిషాల్లో ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరగడం ఎవరికైనా సహజం. రోజుకు సిద్ధం కావడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది. ఏళ్లుగా భయంతో లేచిన మనిషికి ఆ మామూలు చురుకుదనం కూడా ‘నేనేదో తప్పు చేశాను’ అన్నట్టే తోస్తుంది. ఆ అరగంటను ఖాళీగా వదలకుండా, చేతులకు తెలిసిన, మీకు అవమానం కలిగించని పనితో నింపడమే ఉదయపు క్రమం చేసే మొదటి మేలు.

రెండో మేలు సాయంత్రానికి సంబంధించినది. ‘నాకు తాగాలనిపించేది రాత్రిపూట, ఉదయంతో ఏం పని’ అని చాలామంది అడుగుతారు. సాయంత్రం ఆరింటికి రైలు దిగే మనిషి ఎలాంటి స్థితిలో దిగుతుందన్నది చాలావరకు ఉదయమే తేలిపోతుంది. టిఫిన్ తినకుండా పరిగెత్తి, మధ్యాహ్నం మూడింటికి నాలుగు ముద్దలు తిని, మాత్ర మరిచిపోయి, పొద్దుటి నుంచి ఎవరితోనూ మనసులో మాట ఒక్కటీ చెప్పుకోకుండా వచ్చే మనిషి వైన్స్ బోర్డు ముందు నుంచి నడవాలి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: ఈ నాలుగూ ముదిరినప్పుడే కాలు జారుతుందని, వీటిని కనిపెట్టుకుని ఉండాలని ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ (ఏఏ) అనే, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం మీటింగులకు వెళ్లేవాళ్లు చెప్పుకుంటారు. ఈ నాలుగింటిలో మూడింటికి విరుగుడు ఉదయమే దొరుకుతుంది. తినడం, నిద్రను కాపాడుకోవడం, ఒక మనిషితో మాట్లాడటం.

మీ పాత క్రమం ఎందుకు కూలిందో ఇప్పుడు చూడండి. అందులో తినడం లేదు. మాత్ర లేదు. మరో మనిషి లేదు. నిద్రనేమో కోసేశారు. తాగుడు మానిన తరువాత నెలల తరబడి నిద్ర సరిగా కుదరదు, మధ్యరాత్రి మెలకువ వస్తుంది. అలాంటి శరీరాన్ని నాలుగున్నరకు లేపడం మేలు చేయదు. పైగా ఏడు పనులు ఒకేసారి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. అది వ్యసనాల గురించి కాదు, మామూలు అలవాట్ల గురించి. ఒక కొత్త పని దానంతటదే జరిగేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలితే, కొందరి విషయంలో ఆ లెక్క 254 రోజులదాకా వెళ్లింది. ఒక గ్లాసు నీళ్లు తాగడం లాంటి తేలిక పనులు తొందరగా కుదురుకున్నాయి, వ్యాయామం లాంటివి ఆలస్యమయ్యాయి. మధ్యలో ఒకరోజు తప్పిపోయినా అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. మూడు వారాలకే మీ మీద మీరు తీర్పు చెప్పుకోవడం ఎంత తొందరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పుడు దీపం సంగతి. ఈ విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మీ ఉదయాన్ని కొంతకాలం పూజగది బయటే ఉంచండి. దేవుడి మీద మీకు నమ్మకం ఉంటే నిండుగా ఉంచుకోండి. మనసులో తలుచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కాని మీరు కోలుకోవడం అనే పనిని, ఇంట్లో మరొకరు ‘వద్దు’ అనగానే ఆగిపోయే చోట పెట్టకండి. ఇంకో కారణం కూడా ఉంది. నెలసరి రోజుల్లో పూజగదిలోకి వెళ్లకూడదనే పట్టింపు ఉన్న ఇల్లయితే, దీపంతో ముడిపెట్టిన క్రమం ప్రతి నెలా మూడు నాలుగు రోజులు తప్పనిసరిగా తెగిపోతుంది. నెలసరికి ముందు రోజుల్లోనూ, ఆ రోజుల్లోనూ చిరాకు, నీరసం, తాగాలనే తలపు ఎక్కువవుతాయని నాతో చెప్పిన మహిళలు ఎందరో ఉన్నారు. అంటే ఆసరా బాగా కావలసిన రోజుల్లోనే అది అందకుండా పోతుందన్న మాట. బంధువు పోయి మైల వచ్చినా అంతే. మగవాళ్ల కోసం రాసిన సలహాల్లో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

మీ అత్తగారి మాట మిమ్మల్ని అంతగా కోసినందుకు నేను ఆశ్చర్యపోను. మన తెలుగు నేల మీద మద్యం కథలో స్త్రీకి ఒకటే పాత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, సారా నిషేధానికి, ఆ తరువాత 1995లో సంపూర్ణ మద్య నిషేధానికి దారితీసింది. గర్వపడాల్సిన చరిత్ర అది. అయితే ఆ కథలో తాగేవాడు మగవాడు, పోరాడేది ఆడది. తాగుడుకు చిక్కిన ఆడమనిషికి అందులో చోటే లేదు. కాబట్టి ఆమె ఎక్కడా చెప్పుకోలేదు. మీరు ఒంటరివారు కాదని అంకెలు చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మహిళల్లో 6.7 శాతం మంది మద్యం తాగుతారు. అందరికీ అది వ్యసనం కాదు. అయినా మీ అపార్ట్‌మెంటులో, మీ ఆఫీసులో మీరొక్కరే అనుకోవడానికి వీల్లేదు. స్త్రీ శరీరంలో నీటి శాతం తక్కువ, మద్యాన్ని విరగగొట్టే ఎంజైము కడుపులో తక్కువ. అదే కొలత తాగినా రక్తంలో ఎక్కువ చేరుతుంది. మగవాళ్ల కంటే తక్కువ ఏళ్లలోనే వ్యసనంగా ముదురుతుంది, కాలేయం తొందరగా దెబ్బ తింటుంది. దీన్ని శరీరానికి వచ్చిన జబ్బుగా చూడటం ఇంట్లో మీతోనే మొదలు కావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళకు లేవండి, అది ఐదున్నరైనా ఆరైనా సరే. రాత్రి ఫోను హాల్లో పెట్టి పడుకోండి. అలారం కావాలంటే చిన్న గడియారం కొనుక్కోండి. లేచి ఒక గ్లాసు నీళ్లు తాగి, తలుపు తీసి గుమ్మం ముందుకు రండి.

గుమ్మం ముందు ముగ్గు వేయండి. పండగ ముగ్గు కాదు, మూడు చుక్కల వరుసలు మూడు. అపార్ట్‌మెంటు అయినా తలుపు ముందు జానెడు చోటు ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, బియ్యప్పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి చుక్కలు పెట్టండి. చుక్కలు సమదూరంలో పడాలంటే చెయ్యి నిలవాలి, చెయ్యి నిలవాలంటే ఊపిరి నెమ్మదించాలి. గీత మధ్యలో ఆగితే పిండి కుప్పగా పడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. ప్రాణాయామం అని పేరు పెట్టకుండానే ఐదు నిమిషాలు నిదానంగా ఊపిరి తీసుకుంటారు. కుట్టుపని చేసే ఒకావిడ చికిత్స మొదలైన కొత్తలో వేసిన ముగ్గులో గీతలన్నీ అలలు అలలుగా వంకర్లు పోయేవట. కొన్ని వారాలకు ఒక ఉదయం గీత తిన్నగా వచ్చింది. ‘నేను బాగుపడుతున్నానని డాక్టరు చెబితే నమ్మలేదు, ఆ గీత చూసి నమ్మాను’ అందావిడ. ఆ పిండి మధ్యాహ్నానికి చెదిరిపోతుంది, చీమలు తింటాయి. మర్నాడు మళ్లీ తుడిచి వేయాల్సిందే. నిన్న బాగా వచ్చిందని ఈ రోజు మినహాయింపు లేదు, నిన్న వేయలేదని ఈ రోజు నిషేధమూ లేదు. మీ ఇంట్లో ఈ పని ఇప్పుడు అత్తగారో పనిమనిషో చేస్తుంటే, ఇకనుంచి నేను చేస్తానని అడిగి తీసుకోండి. ముగ్గుకు కూడా పట్టింపులుంటే బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయండి, ఆకుల దుమ్ము తుడవండి. చేతులతో చేసేది, ఐదు నిమిషాల్లో అయ్యేది, ఎవరూ మీ చేతిలోంచి లాక్కోలేనిది అయితే చాలు.

తరువాత తినండి. ఇంట్లో అందరికీ డబ్బాలు సర్ది, మిగిలితే, సమయం ఉంటే తినడం మన ఆడవాళ్ల అలవాటు. మీ విషయంలో అది ప్రమాదకరం. వేరేవాళ్ల కోసం స్టవ్ వెలిగించక ముందే మీ కడుపులో ఏదో ఒకటి పడాలి. రాత్రి కలిపి ఉంచిన రాగి పిండితో జావ కావచ్చు, అరటిపండు, నాలుగు వేరుశెనగ గింజలు కావచ్చు. చాలాకాలం తాగినవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ తగ్గిపోతుంది, అది మెదడునూ నరాలనూ దెబ్బ తీస్తుంది. డాక్టరు ఆ మాత్రలు రాసి ఉంటే బలానికి ఇచ్చినవే కదా అని మానేయకండి.

అసలు మాత్ర సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు రాసింది ఏ మాత్రో నాకు తెలియలేదు. అది డైసల్ఫిరామ్ అయితే, దాని మీద మద్యం పడగానే ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం జరుగుతాయి, ఒక్కోసారి ప్రమాదం కూడా. తాగిన తరువాత కనీసం 12 గంటలు గడవకుండా అది వేసుకోకూడదు. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల వరకు కూడా మద్యంతో పడకపోవచ్చు. మద్యం కలిసిన దగ్గు సిరప్పులు, మౌత్‌వాష్‌ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. కాబట్టి శుక్రవారం తాగిన సంగతి డాక్టరుకు చెప్పి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో అడిగాకే వేసుకోండి. నాల్ట్రెక్సోన్ అయితే అలాంటి ప్రతిచర్య ఉండదు, అది తాగాలనే కోరికను తగ్గించేది. కొన్ని రకాల గట్టి నొప్పి మాత్రలతో అది కలవకూడదు. ఏ మాత్రయినా, జావ గ్లాసు పక్కనే పెట్టుకుంటే మరుపు రాదు. ఈ ఒక్క పని నిలబడితే మీ ఉదయంలో సగం నిలబడినట్టే.

ఇక నోటు పుస్తకం. అందులో రెండే వాక్యాలు రాయండి. మొదటిది: ఈ రోజు నేను తాగను. రేపటి గురించి రాయకండి, జన్మంతా అని అసలు రాయకండి. రెండోది, ఈ రోజు ఏ గంట కష్టంగా ఉంటుందో, అప్పుడు ఏం చేస్తారో. ‘ఆరింటికి స్టేషన్ దిగగానే చెల్లికి ఫోను చేసి, ఇల్లు చేరేదాకా మాట్లాడుతూ నడుస్తాను’ అన్నంత స్పష్టంగా ఉండాలి. ‘ధైర్యంగా ఉంటాను’ అని రాస్తే ఆరింటికి పనికిరాదు. నిన్నటి తప్పుల చిట్టా ఉదయం రాయకండి. అది కౌన్సెలర్ గదిలో చేయాల్సిన పని. ఈ విషయంలో జీన్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ మహిళ నాకు గుర్తొస్తారు. ఆవిడ కూడా తాగుడుతో ఏళ్ల తరబడి పోరాడినవారే. మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని 1930ల్లో పుట్టిన పద్ధతులు అహంకారాన్ని వంచడం మీద దృష్టి పెడతాయి, కాని తాగుడు నుంచి బయటపడే స్త్రీలో వంచాల్సినంత అహం ఎక్కడుంది, ముందు ఆమెకు తన మీద తనకు గౌరవం కలగాలి కదా అన్నది ఆవిడ వాదన. 1975లో ‘విమెన్ ఫర్ సొబ్రైటీ’ అనే సంస్థ పెట్టి, సభ్యులు రోజూ ఉదయం చదువుకోవడానికి 13 వాక్యాలు ఏర్పాటు చేశారు. ఏఏ వల్ల బాగుపడిన మహిళలను నేను చాలామందిని చూశాను, కాబట్టి ఆ పద్ధతిని కాదనను. కాని ఉదయం మొదటి అరగంటలో స్త్రీ తనను తాను తిట్టుకోకూడదన్న దగ్గర మాత్రం కర్క్‌పాట్రిక్ చూపు సరైనదని నా నమ్మకం.

చివరగా ఒక ఫోను. ఈ దారిలో మీకంటే కాస్త ముందు నడిచిన ఒక మహిళతో ఉదయం రెండు నిమిషాలు. ‘లేచాను, తిన్నాను, ఈ రోజు ఆరింటికి భయంగా ఉంది’ అంటే చాలు. హైదరాబాద్‌లో ఏఏ మీటింగులు జరుగుతున్నాయి. మహిళలు వచ్చే మీటింగు ఏదో, ఫోనులో కలిసేవి ఉన్నాయో అడిగి తెలుసుకోండి. అలాంటి మనిషి దొరికేదాకా మీ చెల్లి గాని స్నేహితురాలు గాని. నిజం తెలిసిన మనిషి అయితే చాలు. నడక, ప్రాణాయామం, స్తోత్రం ఇవన్నీ మంచివే. ఆదివారం సఫిల్‌గూడ చెరువు చుట్టూ నడవండి. రోజువారీ లెక్కలో మాత్రం ఇప్పుడే కలపకండి.

ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయంటారా? మీ ఒక్కరి నిద్రలోంచి రాకూడదు. ఇది మీవారితో ఖచ్చితంగా తేల్చుకోవాల్సిన విషయం. చక్కెర జబ్బు ఉన్న మనిషికి వేళకు సూది మందు ఇవ్వనిచ్చే ఇల్లు, మీకు ఈ ఇరవై నిమిషాలు ఇవ్వలేదా? నీళ్లు వచ్చే రోజున మోటారు ఆయన వేయాలి. పాప డబ్బా ఆయనైనా సర్దాలి, రాత్రే కూర తరిగైనా పెట్టుకోవాలి. మాత్ర ఆయన ఎదురుగా వేసుకోవడం మంచిదే, మీకిద్దరికీ ధైర్యం. కాని పొద్దున్నే హ్యాండ్‌బ్యాగు వెతకడం, నోరు వాసన చూడటం మొదలైతే ఆ ఉదయం మళ్లీ పాత ఉదయమే అవుతుంది. అడగాల్సింది ఉంటే సాయంత్రం టీ తాగుతూ ఒక్కసారి అడగమనండి. మీకు చెప్పకుండా మాత్ర పొడి చేసి కూరలో కలపమని ఆయనకు ఎవరైనా సలహా ఇస్తే వినొద్దని ఇప్పుడే చెప్పండి. తెలియకుండా డైసల్ఫిరామ్ పెట్టడం ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో ఇంకెవరికోసమైనా సీసా ఉంటే అది గడప దాటి బయటికి వెళ్లాలి. ‘నేను తాగితే తప్పేమిటి, వ్యసనం నీకు కదా’ అనే భర్తలు కొందరు ఉంటారు. మీవారు అలాంటివారైతే ఈ పేరా ఆయన చేత చదివించండి.

తప్పిన మర్నాడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే ఆ రోజు నిర్ణయించుకునే ఓపిక ఉండదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీదే పనిచేసిన అలన్ మార్లట్ చూపించినది ఒకటి ఉంది. మనిషిని ముంచేది మొదటి గ్లాసు కంటే, దాని తరువాత వచ్చే ‘అంతా పోయింది, ఇక నేనింతే’ అన్న తలపు. ఆ సిగ్గే రెండో గ్లాసు పోయిస్తుంది. అప్పటికే ఒక్కొక్కటిగా జారిపోతున్న అలవాట్లలో మిగిలినవి కూడా మీరు శనివారం ఉదయం మానేశారు. ఏ ఉదయం కోసం ఆ అలవాట్లన్నీ పెట్టుకున్నారో ఆ ఉదయమే అవి లేకుండా గడిపారు. ఇకమీదట తాగిన రాత్రి తెల్లవారినా అదే వేళకు లేవండి, నీళ్లు తాగండి, వంకరగా వచ్చినా ముగ్గు వేయండి, తినండి. నోటు పుస్తకంలో రోజూ రాసే వాక్యాలతో పాటు నిన్న ఎన్నింటికి, ఎక్కడ, ఆ వేళకు తిన్నానా లేదా అన్న మూడు వివరాలు రాయండి. వైన్స్ షట్టరు లేచే పది గంటల లోపే కౌన్సెలర్‌కు ఫోను చేయండి. మాత్ర మాత్రం డాక్టరును అడిగాకే. ఒళ్లు బాగాలేకపోతే ఆఫీసుకు సెలవు పెట్టండి, కాని ఈ ఇరవై నిమిషాలకు సెలవు పెట్టకండి.

మీ పాపకు పదమూడేళ్లు. ఆమెకు ఇప్పటికే తెలుసు. ఆస్పత్రిలో చేరిన సంగతి దాచినా, ఆ యాలకుల వాసన ఆమె గుర్తు పట్టే ఉంటుంది. పెద్ద ఉపన్యాసం వద్దు. ‘నాకు మద్యం విషయంలో జబ్బు ఉంది. దానికి వైద్యం చేయించుకుంటున్నాను. మొన్న శుక్రవారం జారాను, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళుతున్నాను. ఇది నీ వల్ల వచ్చింది కాదు, నన్ను కాపలా కాయడం నీ పని కాదు’ అని చెప్పండి. ‘ఇంకెప్పుడూ తాగను’ అని ఒట్టు వేయకండి. ఒట్టు తప్పితే ఆమె మీ మాటనే కాదు, తన నమ్మకాన్ని కూడా అనుమానించుకుంటుంది. ఏడిస్తే ఏడవనివ్వండి. కోపంగా రెండు రోజులు మాట్లాడకపోయినా దండం పెట్టి బతిమాలకండి. మీరు వేళకు లేస్తున్నారా, తింటున్నారా అన్నది ఆమె గమనిస్తూనే ఉంటుంది. ఆమెకు తన మనసులో మాట చెప్పుకునే పెద్దవాళ్లు ఇంకొకరు ఉండటం మంచిది. స్కూలు కౌన్సెలర్ ఉంటే వారితో, లేదంటే మేనత్తతోనో పిన్నితోనో మాట్లాడనివ్వండి.

మీ అత్తగారితో ఇప్పుడే వాదనకు దిగకండి. తరువాతి సారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీవారితో పాటు ఆవిడనూ తీసుకెళ్లండి. ఇది జబ్బు అన్న మాట కోడలి నోటి నుంచి కంటే డాక్టరు నోటి నుంచి వింటే ఆవిడకు తొందరగా ఎక్కుతుంది. రానంటే మీరిద్దరే వెళ్లండి. ఆ నోటు పుస్తకం వెంట తీసుకెళ్లండి, అందులో నాలుగు పేజీలే ఉన్నా సరే. ఈ వారంలోనే అపాయింట్‌మెంటు తీసుకోండి.